చిరాయువుకు స్మృతి చాలునా?

మహాభారతం అరణ్యపర్వంలోని మార్కండేయ సమాస్యలో పాండవులూ ఋషులూ ఆ మహామునిని ఒక ప్రశ్న అడిగారు: తమకంటె ముందు పుట్టిన చిరజీవి మరెవరైనా ఉన్నారా? అప్పటికే మార్కండేయుడు వారికి ప్రళయగాథను వినిపించి ఉన్నాడు. ఏకార్ణవంలో ఒంటరిగా తిరిగినవాడు, వటశాఖపై శయనించిన శిశువును చూచి, ఆ శిశువు ఉదరంలో ప్రవేశించి, సమస్తలోకాలనూ అక్కడ దర్శించి వెలుపలికి వచ్చినవాడు ఆయన. అటువంటి వానికంటె వృద్ధుడు ఉంటాడని ఊహించడమే కష్టం. ఉన్నారని ఆయన సమాధానం. ఆ సమాధానమే ఇంద్రద్యుమ్నోపాఖ్యానం. తెనుగుభారతంలో ఈ భాగం నన్నయ అనంతరం ఎఱ్ఱన చేతిమీదుగా అవతరించింది.

ఇంద్రద్యుమ్నుడనే రాజర్షి పుణ్యం క్షీణించి స్వర్గం నుండి పతనమైనాడు. తన కీర్తి భూలోకంలో నశించిందన్నదే ఆ పతనానికి హేతువు. ఆయన నేరుగా మార్కండేయుని వద్దకు వచ్చి, "నన్ను ఎరుగుదురా?" అని అడిగాడు. మహాముని ఎరుగనన్నాడు. వ్రతనియమాలతో దేహాన్ని శ్రమింపజేస్తూ తిరిగే తమకు స్వకార్యాలే సరిగా సాగవని సంజాయిషీ కూడా ఇచ్చాడు. ప్రళయాన్ని చూచిన కన్నులు ఒక రాజును గుర్తించలేకపోయాయి. అయితే హిమవత్పర్వతంపై ప్రావీరకర్ణమనే గుడ్లగూబ ఉన్నదనీ, అది తనకంటె వృద్ధమనీ చెప్పాడు. రాజు అశ్వరూపం ధరించి మునిని వీపున మోసుకొని వెళ్ళాడు. గుడ్లగూబ కొంతసేపు ఆలోచించి తెలియదన్నది. తనకంటె వృద్ధమైన నాడీజంఘమనే కొంగ ఒక సరస్సులో ఉన్నదన్నది. కొంగ కూడా ఆలోచించి తెలియదన్నది. అదే సరస్సులో అకూపారమనే తాబేలు ఉన్నది; అది కొంగకంటె వృద్ధం. దానిని పిలిచారు. తాబేలు నీటి నుండి మెల్లగా ఒడ్డుకు వచ్చింది, రాజును చూచింది, క్షణకాలం ధ్యానించింది, కన్నీరు పెట్టుకొన్నది, వణికింది, అంజలి ఘటించింది. ఈయనను ఎరుగకపోవడమేమిటి, ఈయన యజ్ఞాలలో నాటిన యూపస్తంభాలకు లెక్కలేదు, ఈయన దక్షిణగా ఇచ్చిన గోవుల గిట్టల తొక్కిడికి భూమి లోతై ఈ సరస్సు ఏర్పడింది, నేను ఇందులోనే నివసిస్తున్నాను అన్నది.

పౌరాణికులు ఈ కథను సాధారణంగా దానమహిమకు ఉదాహరణగా చెప్పి ముగిస్తారు. దానమహిమ ఉన్నమాట నిజమే. కాని ప్రశ్నను గమనించిన వారికి ఇందులో మరొక విచారం కనిపిస్తుంది. దీర్ఘాయువు వేరు, స్మృతి వేరు. ఆయుర్దాయం పెరిగినకొలదీ జ్ఞాపకం పెరుగుతుందన్న లోకవిశ్వాసాన్ని ఈ ఉపాఖ్యానం మూడుమార్లు భంగపరచింది. మహామునికి తెలియదు, గుడ్లగూబకు తెలియదు, కొంగకు తెలియదు. పైగా ఆ కొంగ ఉంటున్న సరస్సుకు పేరే ఇంద్రద్యుమ్నసరస్సు.

ఈనాడు ఈ విచారం కేవలం పురాణశ్రవణానికి పరిమితమైనది కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో భారతదేశపు సగటు ఆయుర్దాయం 32 సంవత్సరాల చేరువలో ఉండేది. నేడది 70 చేరువకు వచ్చింది. మనుష్యులలో ధ్రువీకృతమైన అత్యధికాయువు ఫ్రాన్సు దేశీయురాలు జాన్ కాల్మెంట్‌ది. ఆమె 1875లో జన్మించి 1997లో, 122 సంవత్సరాల 164 దినాల వయస్సులో, మరణించింది. దానిని దాటి వందలు, వేలు సంవత్సరాలు జీవించగల మానవుడు సాధ్యమేనని వాదించే శాస్త్రజ్ఞులున్నారు. సహస్రవర్షాలు జీవించబోయే తొలి మానవుడు ఇప్పటికే పుట్టి ఉంటాడని ఆబ్రే డి గ్రే అనే ఆంగ్లేయ పరిశోధకుడు చాలాకాలంగా చెబుతున్నాడు. గూగుల్ సంస్థ 2013లో వార్ధక్య పరిశోధనకే కాలికో అనే సంస్థను స్థాపించింది. వారి ప్రయత్నం సఫలమవుతుందా కాదా అన్నది వైద్యశాస్త్రం తేల్చవలసిన విషయం. సఫలమైతే ఆ సహస్రవర్షాల అనుభవాన్ని మోసే మనస్సు ఏమవుతుందన్నది మాత్రం సాధకునికి కూడా సంబంధించిన ప్రశ్నే.

మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నవని అంచనా. కపాలం ఇంతే, కణాలు ఇన్నే. వెయ్యేళ్ళు జీవించినా మెదడు పదిరెట్లు కాదు. ఉన్న ఆయువులోనే మరపు ఎంత వేగమైనదో జర్మనీ దేశీయుడైన ఎబ్బింగ్‌హౌస్ 1885లో తనమీద తానే ప్రయోగాలు చేసుకొని ప్రకటించాడు. అర్థరహితమైన అక్షరకూటాలను కంఠస్థం చేస్తే, వాటిలో సగానికి పైగా గంటలోనే జారిపోయేవి. వృద్ధులను తమ జీవితం చెప్పమంటే పదవ ఏటికీ ముప్పయ్యవ ఏటికీ నడుమ జరిగినవి అధికంగా చెబుతారని, నడివయస్సులోని దశాబ్దాలు పలచబడి ఉంటాయని మనస్తత్త్వ పరిశోధకులు పలుమార్లు గమనించారు. ఇంకొక ఆశ్చర్యకరమైన ఫలితం 2000 సంవత్సరంలో వెలువడినది. నేడర్, లెడూ మొదలైనవారు ఎలుకలపై చేసిన పరిశోధనలో, స్థిరపడిన జ్ఞాపకం సైతం మేల్కొల్పబడినప్పుడు మళ్ళీ మెత్తబడుతుందనీ, తిరిగి గట్టిపడితేనే నిలుస్తుందనీ తేలింది. అనగా స్మరణం పేటికలోని నగను తీసి చూచి మళ్ళీ పెట్టడం వంటిది కాదు. తీసిన ప్రతిసారీ నగను కొంత కరగించి మళ్ళీ పోత పోయడం వంటిది. ఎనభై ఏళ్ళలోనే ఇంతగా మారే రూపం ఎనిమిది వందల ఏళ్ళలో ఏమవుతుందో ఊహించుకోవచ్చును.

దీనికి భయపడేవారు కొందరు. జ్ఞాపకాలను యంత్రాలలో భద్రపరచి లోటు పూడ్చవచ్చునని ధైర్యం చెప్పేవారు కొందరు. ఈ ఇరువర్గాల వెనుక ఉన్న భావన మాత్రం ఒక్కటే: జీవుడంటే తన జ్ఞాపకాల మొత్తం. ఈ భావన శాస్త్రసమ్మతం కాదు.

పతంజలి స్మృతిని చిత్తవృత్తులు ఐదింటిలో ఒకటిగా పరిగణించాడు. అనుభవించిన విషయం చేజారకుండా ఉండడమే దాని లక్షణం. ప్రమాణ, విపర్యయ, వికల్ప, నిద్రలతో పాటు అది కూడా నిరోధింపదగినదే. నైయాయికులు ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళి, స్మృతిని యథార్థానుభవమైన ప్రమలో చేర్చనే లేదు. సంస్కారమాత్రం వల్ల పుట్టే జ్ఞానం అది. కొత్తగా తెలిపేదేమీ లేదు. అదే సమయంలో స్మృతి ఎలా మేల్కొంటుందన్న విషయాన్ని గౌతముడు నిశితంగా పరిశీలించాడు. ఏకాగ్రత, అభ్యాసం, సాదృశ్యం, వియోగం, విరోధం, సుఖదుఃఖాలు, భయం మొదలుకొని ఇరవైకి పైగా నిమిత్తాలను న్యాయసూత్రం పేర్కొన్నది. అనుభవం సంస్కారాన్ని విడిచిపోతుంది. నిమిత్తం దొరికితే సంస్కారం స్మృతిగా మొలకెత్తుతుంది. దొరకకపోతే విత్తనంగా పడి ఉంటుంది. మరపు అంటే నాశం కానవసరం లేదన్నమాట.

ఈ భేదమే, సంస్కారం వేరు స్మృతి వేరన్నదే, ఇక్కడ కీలకం. దీనిని పట్టుకొంటే దీర్ఘాయుష్కుల సమస్య వైదికసంప్రదాయానికి కొత్తది కాదని అర్థమవుతుంది. జీవుడు అనాది. శరీరాలు మారినా సూక్ష్మశరీరం కొనసాగుతున్నది. ఆ దృష్టితో చూస్తే ఆయువును వెయ్యేళ్ళకు పెంచాలన్న కోరిక, సముద్రంలో ఉన్నవాడు కడివెడు నీరు అడిగినట్లున్నది. దీర్ఘజీవిత ప్రయోగం ఎప్పుడో మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్నది. దాని ఫలితం కూడా ప్రత్యక్షంగానే ఉన్నది: జీవుడు సంఘటనలను మరచిపోతాడు, వాసనలను మోసుకొనిపోతాడు. జన్మ, దేశ, కాలాలు అడ్డుపడినా వాసనల పరంపర తెగదని యోగసూత్రాలలోని కైవల్యపాదం చెబుతున్నది. ఏ పూర్వానుభవమూ గుర్తులేని శిశువు స్తన్యం కోసం నోరు చాపడం, ఎన్నడూ ఎరుగని మరణానికి క్రిమి సైతం జంకడం ఇందుకు పూర్వాచార్యులు చూపే నిదర్శనాలు. ఎనిమిది వందల ఏళ్ళ మనుష్యుడు ఉంటే అతనికి తన నూరవ ఏటి స్నేహితుని ముఖం గుర్తుండదు. ఆ స్నేహంలో అలవడిన సౌమ్యమో, ఆ కలహంలో అలవడిన క్రౌర్యమో మాత్రం అతని మాటతీరులో ఉంటుంది. ఆ మనుష్యునికీ, పునర్జన్మ పొందిన సామాన్య జీవునికీ ఉన్న తేడా ఒకటే. మొదటివాడు ఒకే దేహంలో మరచిపోయాడు, రెండవవాడు దేహం మార్చి మరచిపోయాడు.

తెలుగువారికి ఇంద్రద్యుమ్నుడనగానే స్ఫురించేది భారతంలోని రాజర్షికంటె భాగవతంలోని రాజు. పేరు ఒకటే గాని కథ వేరు. పాండ్యరాజైన ఆ ఇంద్రద్యుమ్నుడు అగస్త్యశాపం వల్ల ఏనుగై పుట్టాడు. గజత్వం ఆత్మస్మృతిని హరించే జన్మ. రాజ్యం, పరివారం, తన పేరు, శాపమిచ్చిన ముని ముఖం, ఏవీ ఆ గజానికి గుర్తులేవు. మకరం కాలుపట్టి, బలం ఉడిగి, దిక్కులేని స్థితిలో పూర్వజన్మలో అభ్యసించిన స్తోత్రం మాత్రం మనస్సులో మెదిలింది. పోతన గజేంద్రమోక్షాన్ని బాల్యంలో కంఠస్థం చేసినవారు తెలుగునాట ఎందరో. వారిలో ఎంతమంది ఈ అంశాన్ని గమనించారో గాని, ఇది స్మృతిశాస్త్రానికే ఉత్తమోదాహరణ. సింహాసనం చెరిగిపోయింది, స్తోత్రం మిగిలింది. ఏది మిగులుతుందో ఆయుఃపరిమాణం నిర్ణయించలేదు, అభ్యాసం నిర్ణయించింది.

అన్నీ గుర్తుండడం వరమని తలచేవారికి యోగసూత్ర వ్యాసభాష్యంలో ఒక సంవాదం ఉన్నది. సంస్కారాలను సాక్షాత్కరించుకొన్న యోగికి పూర్వజన్మజ్ఞానం కలుగుతుందని సూత్రం. దానికి దృష్టాంతంగా భాష్యకారుడు జైగీషవ్యుని ప్రస్తావించాడు. ఆయనకు పది మహాకల్పాలలోని తన జన్మపరంపర అంతా గోచరించింది. ఆవట్యుడనే మహర్షి ఆయనను అడిగాడు: ఇన్ని కల్పాలలో దేవతగా, మనుష్యునిగా, పశువుగా, నరకవాసిగా తిరిగావు గదా, సుఖం ఎక్కువగా కనిపించిందా, దుఃఖమా? జైగీషవ్యుడు తూకం వేయలేదు. అనుభవించినదంతా దుఃఖమేనన్నాడు. ప్రకృతివశిత్వం, సంతోషసుఖం సైతం అందులోనివేనా అని ఆవట్యుడు మళ్ళీ అడిగితే, సంతోషం విషయసుఖంతో పోల్చినప్పుడు ఉత్తమమే గాని, కైవల్యంతో పోల్చితే అదీ దుఃఖమేనన్నాడు. పది మహాకల్పాల సంపూర్ణస్మృతి గలవాని నుండి వచ్చిన మాట ఇది. దీర్ఘాయువును కోరేవారు ఆయన సాక్ష్యాన్ని తోసిపుచ్చవచ్చును. అంతకంటె అనుభవజ్ఞుడైన సాక్షిని తెచ్చుకోవడం మాత్రం కష్టం.

సమీపకాలపు సాక్ష్యం కూడా ఇంచుమించు ఇలాగే ఉన్నది. అమెరికాలో జిల్ ప్రైస్ అనే మహిళకు కౌమారం నుండి ప్రతిదినం జరిగినది గుర్తుంటుందని పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఆమె దానిని వరంగా వర్ణించలేదు, ఆగని భారంగా వర్ణించింది. పాత దుఃఖం ఆమెకు పాతబడదు. రష్యాలో లూరియా అనే వైద్యుడు దశాబ్దాలపాటు పరిశీలించిన షెరెషెవ్‌స్కీ ఎంతటి పట్టికనైనా ఒప్పజెప్పగలిగేవాడు గాని, మరచిపోవడం ఎలాగో తెలియక కాగితంపై వ్రాసి కాల్చివేసి చూచేవాడు. బూడిదలో కూడా అతనికి అక్షరాలు కనిపించేవి. ఇక్కడ అవధానులను ప్రతివాదంగా చూపేవారుంటారు. అవధానంలోని ధారణ నిజంగా అద్భుతమే. కాని పృచ్ఛకుల పద్యాలన్నింటినీ పట్టి, సభాంతంలో వరుసగా అప్పజెప్పి, విడిచిపెట్టడంలోనే దాని సొగసు ఉన్నది. విడవలేని ధారణ అవధానం కాదు, వ్యాధి.

గీతలో భగవానుడు స్మృతి, జ్ఞానం తన వలననే కలుగుతున్నవని చెప్పి, వాటి సరసనే అపోహనాన్ని కూడా చెప్పాడు. అపోహనానికి ఆచార్యులు భిన్నార్థాలు చెప్పారు. శంకరులు దానిని స్మృతిజ్ఞానాల అపాయంగా వ్యాఖ్యానించారు. ఏ అర్థం తీసుకొన్నా, జ్ఞాపకం వచ్చే ద్వారానికీ పోయే ద్వారానికీ కావలివాడు ఒక్కడేనన్న భావం ఆ శ్లోకంలో ధ్వనిస్తున్నది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. గీతయే స్మృతిభ్రంశం వల్ల బుద్ధినాశం, బుద్ధినాశం వల్ల వినాశం అని హెచ్చరించింది గదా. మరపును అంత తేలికగా ఎలా అంగీకరించడం? సమాధానం శాంకరభాష్యంలోనే ఉన్నది. అక్కడి స్మృతి శాస్త్రాచార్యోపదేశాల వల్ల ఏర్పడిన సంస్కారం నుండి పుట్టే స్మృతి. క్రోధంతో మోహితుడైనవాడు మరచిపోయేది నిన్న భుజించిన పదార్థం కాదు, తాను ఎవరో, తన కర్తవ్యమేమిటో మరచిపోతాడు. యుద్ధారంభంలో అర్జునునికి గోత్రనామాలు, బంధువుల పేర్లు, కులధర్మాలు అన్నీ చక్కగా గుర్తున్నవి. ఆ గుర్తులతోనే అతడు కుప్పకూలాడు. పదునెనిమిదవ అధ్యాయాంతంలో తనకు స్మృతి లభించిందని అతడు చెప్పినప్పుడు లభించినది వేరొక స్మృతి.

ఇంకొక ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. క్షణికవాదాన్ని ఖండిస్తూ బ్రహ్మసూత్రకారుడు అనుస్మృతిని హేతువుగా చూపాడు. నిన్న చూచినవాడే నేడు స్మరిస్తున్నాడు గనుక ద్రష్ట స్థిరుడు అని శంకరులు దానిని విస్తరించారు. అటువంటప్పుడు స్మృతి పోతే ఆత్మ ఏకత్వం కూడా పోయినట్లే గదా అని కొందరు ఆధునికుల శంక. పాశ్చాత్యులలో లాక్ మహాశయుడు 17వ శతాబ్దిలో దాదాపు ఈ మాటే అన్నాడు. వ్యక్తి ఏకత్వం స్మరణం ఎంత దూరం సాగితే అంత దూరమే అని. స్కాట్లండు తత్త్వవేత్త థామస్ రీడ్ 1785లో అతనికి ఒక చిక్కు చూపించాడు. తోటలో పండ్లు దొంగిలించి దెబ్బలు తిన్న బాలుడు పెద్దవాడై యుద్ధంలో శత్రుధ్వజాన్ని పట్టాడు. అప్పటికి దెబ్బలు గుర్తున్నవి. ముదుసలి సేనాపతి అయ్యేసరికి ధ్వజం గుర్తున్నది, దెబ్బలు గుర్తులేవు. లాక్ లెక్కలో సేనాపతి, యువకుడు ఒక్కరే. యువకుడు, బాలుడు ఒక్కరే. సేనాపతి, బాలుడు మాత్రం వేరు! ఆయుర్దాయం వెయ్యేళ్ళయితే ఈ చిక్కు ప్రతి శతాబ్దికీ ఒకసారి పుడుతుంది.

శంకరుల వాదానికి ఈ చిక్కు లేదు. పొగ నిప్పుకు లింగం, నిప్పుకు కారణం కాదు. పొగను చూచి నిప్పున్నదని నిశ్చయించవచ్చును. పొగ లేనంతమాత్రాన నిప్పు ఆరిపోయిందనరాదు. కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. అలాగే అనుస్మృతి స్థిరాత్మకు ఆనవాలు. ఆనవాలు మరుగైనా ఆత్మ ఉంటుంది. సుషుప్తిలో ఏ స్మృతీ నడవడం లేదు. మేల్కొన్నవాడు మాత్రం తాను సుఖంగా నిద్రించానంటాడు. స్మృతి రావడాన్నీ పోవడాన్నీ చూచేవాడు సాక్షి. అతనికి వయస్సు లేదు గనుక అతని ఆయువును పెంచవలసిన పనీ లేదు.

వాదం ఇక్కడితో ముగిసిపోతే బాగుండేది. కాని వాదం గెలిచిన పండితుడు ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో వృద్ధురాలైన తల్లి అరుగుపై కూర్చొని, "ఎవరు బాబూ మీరు?" అని అడుగుతుంది. ప్రపంచంలో ఈనాడు 5.5 కోట్లకు పైగా వ్యక్తులు ఇటువంటి స్మృతిక్షయంతో జీవిస్తున్నారు. అరవైయైదు దాటిన తరువాత ఇంచుమించు ప్రతి అయిదేళ్ళకూ దాని అవకాశం రెట్టింపవుతుందని వైద్యుల లెక్క. ఆయువు పెరగడం, స్మృతి తరగడం ఎప్పుడో రాబోయే సహస్రవర్ష మానవుని సమస్య కాదు. తెలుగునాట వీధి వీధినా ఉన్నది. విదేశంలో ఉన్న కుమారుడు వారానికొకసారి ఫోనులో కనిపిస్తే, ఆమె ఆ ముఖాన్ని చూచి చిన్ననాడే పోయిన తన అన్నగారి పేరుతో పిలుస్తుంది. నలభై ఏళ్ళు నిత్యపారాయణ చేసిన ఆమె ఇప్పుడు దీపం వెలిగించి, వెలిగించిన సంగతి మరచి మళ్ళీ అగ్గిపెట్టె వెదుకుతుంది. అటువంటి ఇంట్లో సాక్షిచైతన్యం గురించి ఉపన్యసించడం క్రౌర్యం. ఆ కుమారుడు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: అంత్యకాలంలో స్మరించినవారికే సద్గతి అని విన్నాము, అమ్మకు ఆ నామం కూడా గుర్తులేదే, ఆమె గతి ఏమిటి?

ఈ ప్రశ్నకు శ్రీవైష్ణవ సంప్రదాయం ఇచ్చిన సమాధానంకంటె గొప్పది దొరకదు. వరాహ చరమశ్లోకంగా ప్రసిద్ధమైన వచనంలో వరాహస్వామి భూదేవికి ఒక అభయం ఇచ్చాడు. మనస్సు స్వస్థంగా ఉన్నప్పుడు, శరీరధాతువులు సమంగా ఉన్నప్పుడు, విశ్వరూపుడైన తనను ఎవడు స్మరిస్తాడో, అతడు అవసానంలో కట్టెవలె, రాయివలె పడి ఉన్నప్పుడు అతనిని తానే స్మరించి పరమగతికి చేరుస్తానన్నది దాని తాత్పర్యం. భక్తుడు స్మరించలేని వేళ భగవంతుడు స్మరిస్తాడు. తిరుమలకు వెళ్ళినవారు శ్రీనివాసునికంటె ముందు వరాహస్వామిని దర్శించాలన్న ఆచారం ఉన్నది. క్షేత్రమాహాత్మ్యంలో దానికి వేరే కారణం చెప్పబడింది. స్మృతి తప్పిన తల్లిదండ్రులను చేయిపట్టి నడిపించుకొని అక్కడికి వచ్చేవారు మాత్రం ఈ అభయాన్ని తలచుకొని ఆ గడప తొక్కవచ్చును.

ఛాందోగ్యంలో సనత్కుమారుడు నారదునికి ఒకదానికంటె ఒకటి గొప్పదిగా సోపానక్రమం బోధిస్తూ, స్మరాన్ని ఆకాశంకంటె పైమెట్టున నిలిపాడు. స్మృతి లేని సభలో ఎంతమంది కూర్చున్నా ఒకరి మాట ఒకరికి వినబడదు, తెలియదు. కాని అక్కడే ఆగక, స్మృతికంటె ఆశను, ఆశకంటె ప్రాణాన్ని పైన నిలిపి, చివరకు భూమకు చేర్చాడు. ఆ అధ్యాయాంతంలో ఆహారశుద్ధి వల్ల సత్త్వశుద్ధి, సత్త్వశుద్ధి వల్ల ధ్రువమైన స్మృతి, దాని వల్ల గ్రంథివిమోచనం కలుగుతాయని ఉపసంహరించాడు. రామానుజులు శ్రీభాష్యారంభంలో ఈ ధ్రువస్మృతినే ఉపాసనగా, భక్తిగా స్థాపించారు. తైలధారవలె తెగని ఒకే స్మృతి. వెయ్యి విషయాలను వెయ్యేళ్ళు మోయడం వేరు, ఒక్క విషయాన్ని ఎడతెగకుండా పట్టుకోవడం వేరు. మొదటిదానికి మెదడు చాలదు. రెండవదానికి ముప్పై ఏళ్ళ ఆయువైనా చాలును. పరీక్షిత్తుకు ఏడు దినాలు చాలినవి.

కాబట్టి దీర్ఘాయువును నిందించవలసిన పనిలేదు. శతవర్షాలు జీవించాలని వేదమే ప్రార్థించింది. ఆయుర్వేదం రసాయనతంత్రాన్ని అష్టాంగాలలో ఒకటిగా చేర్చి, ఆయువుతో పాటు మేధాస్మృతులను కూడా కోరింది. ఆక్షేపించవలసింది ఆయువును జ్ఞాపకాల గిడ్డంగిగా భావించడాన్ని. యంత్రంలో దాచిన జ్ఞాపకం సంఘటనకు ప్రతి మాత్రమే. సంస్కారం మనస్సులోనిది, దానిని శుద్ధి చేయవలసినదీ అక్కడే. నాలుగవ అధ్యాయంలో భగవానుడు అర్జునునితో, నీకూ నాకూ ఎన్నో జన్మలు గడిచాయి, వాటన్నింటినీ నేను ఎరుగుదును, నీవు ఎరుగవు అన్న భావం పలికాడు. చాలామంది దానిని జీవేశ్వరభేదంగా చదివి ముందుకు సాగుతారు. ఒక్కసారి ఆగి చూస్తే అందులో ఓదార్పు కూడా ఉన్నది. జీవుని సుదీర్ఘచరిత్ర నశించలేదు. దానిని మోసే బాధ్యత జీవునిది కాదు.

అకూపారం రాజును గుర్తించడానికి హేతువు తాబేలు మేధస్సు కాదు. మార్కండేయుని తపస్సు దానికి లేదు. రాజు ఇచ్చిన గోవుల గిట్టలు తవ్విన నీటిలో అది నివసిస్తున్నది. ఆ నీరే దాని జ్ఞాపకం. ఇంద్రద్యుమ్నుడు కూడా తాను చేసిన యజ్ఞాలను ఏకరువు పెట్టలేదు. అడగడమే చేశాడు, చెప్పడం అకూపారం వంతైంది. స్మృతితప్పిన తల్లికి కుమారుడు చేయగలిగినదీ ఇదే. ఆమెను గుర్తుతెచ్చుకొమ్మని వేధించి, ఇది ఎవరు, అది ఎవరు అని పరీక్షలు పెట్టడం మాని, ఆమె నేర్పిన శ్లోకాన్ని ఆమె పక్కన కూర్చొని తాను చదవవచ్చును. ఆమె తవ్విన సరస్సులోనే అతడు నివసిస్తున్నాడు. పేర్లు మరచినవారు సైతం బాల్యంలో వచ్చిన కీర్తనకు పెదవి కలపడం అనేక గృహాలలో కనిపిస్తున్నదే.

తాబేలు మాట ముగియగానే ఆకాశం నుండి దివ్యరథం దిగింది, స్వర్గానికి రమ్మని పిలుపు వచ్చింది. ఇంద్రద్యుమ్నుడు వెంటనే ఎక్కలేదు. తనను గుర్తించలేకపోయిన ఆ ఇరువురు వృద్ధులను, మార్కండేయునీ గుడ్లగూబనూ, వారివారి స్థానాలకు చేర్చి వచ్చేవరకూ ఆగమన్నాడు.